చీనా లిపియు, వికాసభేదముగల బాలురును, తెలుగు అక్షరమును

బాలునకు చదువు నేర్పు విధానమును గూర్చిన చర్చ మన దేశమున క్రొత్తది కాదు. కాని చదువు పట్టుబడని బాలుని గూర్చి, అనగా బుద్ధివికాసమున గాని, మాటయందు గాని, పఠనమునందు గాని తోడి బాలురకన్న భిన్నముగ పెరుగు బాలుని గూర్చి, లిపిశాస్త్ర దృష్టితో మనము చేసిన చర్చ స్వల్పము. ఇట్టి బాలురకు చీనా లిపిని, దానినుండి జపానీయులు గ్రహించిన కాంజీ లిపిని చికిత్సాసాధనముగ ఉపయోగింపవచ్చునను భావము 20వ శతాబ్ది ఉత్తరార్ధమున పుట్టి, పలు దేశములలో ప్రయోగములకు దారితీసినది. ఆ భావముయొక్క చరిత్రను సంగ్రహముగ చెప్పి, అందు పరీక్షకు నిలిచినదేది, నిలువనిదేది అని విచారించి, తెలుగు చదువు నేర్పువారు దానినుండి గ్రహింపదగినదానిని నిర్ణయించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ విచారణకు ఉదాహరణమును దూరమున వెదుకనక్కరలేదు. హైదరాబాదునకు దక్షిణముననున్న శంషాబాదున 2008 మార్చిలో విమానాశ్రయము ప్రారంభమయ్యెను. అచ్చటి సూచనఫలకములపై తెలుగు, హిందీ, ఇంగ్లీషు మాటలతోపాటు చిత్రసంకేతములును గలవు. ఏ భాషయు చదువనేరని ప్రయాణికుడు సైతము పెట్టెబొమ్మను చూచి సామాను వచ్చు చోటును, స్త్రీపురుషుల ఆకృతులను చూచి మరుగుదొడ్లను గుర్తింపగలడు. లోకమంతట విమానాశ్రయములలో కానవచ్చు ఇట్టి గుర్తులకు ముఖ్యమైన మూలములలో నొకటి, అమెరికా రవాణాశాఖ కొరకు ఆ దేశపు గ్రాఫిక్ కళల సంస్థ 1974లో కూర్చిన 34 చిత్రముల సముదాయము. 1979లో అవి 50 అయినవి. ఇట్టి ఫలకమున ఒకే యర్థము రెండు విధముల వ్రాయబడియున్నది. అక్షరములను చదువువాడు మొదట ధ్వనిని, ధ్వనిద్వారమున అర్థమును పొందుచున్నాడు. బొమ్మను చూచువాడు ధ్వనితో పనిలేకయే అర్థమును పొందుచున్నాడు. మొదటి ద్వారమున ప్రవేశింపలేని బాలునకు రెండవ ద్వారమును తెరువవచ్చునా యనునదే మన ప్రశ్న. చీనా లిపి ఆ రెండవ ద్వారమునకు మేలైన ఉదాహరణమని పలువురు తలంచిరి. ఆ తలంపు ఎంతవరకు సత్యమో మొదట చూడవలెను.

చీనా లిపి చిత్రలిపి యనుట పూర్తిగ సత్యము కాదు. క్రీ.శ. 100 ప్రాంతమున షూ షెన్ అను పండితుడు రచించిన ‘షువోవెన్ జియెజి’ అను నిఘంటువున 9,353 సంకేతములు వివరింపబడినవి. లిపిసంకేతములు ఆరు విధములని ఆయన విభజించెను. వస్తువుయొక్క ఆకృతినే చూపునవి అందొక తెగ: కొండగుర్తున మూడు శిఖరములను, చెట్టుగుర్తున కాండమును కొమ్మలను నేటికిని పోల్చుకొనవచ్చును. రెండు గుర్తులు కలిసి వేరొక యర్థము నిచ్చునవి ఇంకొక తెగ: చెట్టుగుర్తును రెండుమారులు వ్రాసినచో తోపు, మూడుమారులు వ్రాసినచో అడవి. ఈ లిపిని మెచ్చుకొనువారు చూపు ఉదాహరణములు సాధారణముగ ఈ రెండు తెగలలోనివే. కాని సంకేతములలో అత్యధికభాగము, నూటికి ఎనుబదికి పైగా, అర్థమును సూచించు భాగమొకటియు ధ్వనిని సూచించు భాగమొకటియు కలిసి ఏర్పడినవి. నీటిగుర్తు ప్రక్కన ‘యాంగ్’ అని పలుకబడు గొర్రెగుర్తును చేర్చినచో, అదే పలుకు గల సముద్రవాచకమగును. ఇందు గొర్రెతో పనిలేదు. దాని పలుకుతోనే పని. చీనా లిపి కేవలము భావలిపి యనుట అపోహయని జాన్ డిఫ్రాన్సిస్ 1984లో విపులముగ వాదించెను. చీనా బాలుడును ధ్వనిని విడిచి చదువుట లేదు. ఐనను ఒక భేదము మాత్రము నిజము. అచ్చట ఒక సంకేతము ఒక పూర్ణాక్షరపు ఉచ్చారణకు, సామాన్యముగ అర్థముగల ఒక శబ్దభాగమునకు చెల్లుచున్నది. ఇంగ్లీషు లిపియందువలె క్, ట్, స్ వంటి విడిధ్వనికి కాదు. ముందు చెప్పబోవు ప్రయోగములకు ఈ భేదమే మూలము.

జపానీయులు చీనా సంకేతములను గ్రహించి, వానితోపాటు తమ పలుకుబడికి తగిన కాన లిపులను ఏర్పరచుకొనిరి. కానయందు మూలసంకేతములు 46. ఒక్కొక్కటి ఒక అక్షరోచ్చారణమును తెలుపును. కాంజీ అర్థముతో కూడినది. 2020 నుండి ఆ దేశపు ప్రాథమిక పాఠశాలలలో ఆరేండ్లలో నేర్పవలసిన కాంజీలు 1,026. ఒకే వాక్యమున రెండు లిపులును కలిసి వచ్చుటచేత, రెండు పఠనమార్గములను పోల్చిచూచు అవకాశము జపాను పరిశోధకులకు సహజముగ లభించినది. 1968లో కియోషి మకిత ఉపాధ్యాయులను ప్రశ్నించి, జపాను బాలురలో పఠనవైకల్యము నూటికి ఒకరికన్న తక్కువమందికే కలదని ప్రకటించెను. 1971లో సుమికో ససనుమ, ఒసాము ఫుజిమురలు మెదడు దెబ్బతిని వాక్కు చెడిన రోగులను పరీక్షించి, కొందరిలో కాన పఠనము ఎక్కువగ చెడియు, కాంజీ పఠనము అంతగా చెడకుండుటను చూపిరి.

ఇసావో ఇషీ అను ఉపాధ్యాయుడు పసిపిల్లలకు కాంజీ నేర్పుటను ఒక ఉద్యమముగ సాగించెను. ఆయన చెప్పిన ఒక విషయము మనకు మిక్కిలి ఉపకరించును. తొమ్మిది అను సంఖ్యకు గుర్తు రెండు గీతలతో ముగియును. పక్షికి గుర్తు 11 గీతలు, పావురమునకు 13. గీతల లెక్కను బట్టి చూచినచో తొమ్మిదియే సులభము కావలెను. కాని పసివారికి పావురపు గుర్తు తొలుత పట్టుబడుననియు, పక్షిగుర్తు తరువాతిదనియు, తొమ్మిది అన్నిటికన్న కష్టమనియు ఆయన చెప్పెను. కన్నులార చూచిన ప్రత్యేకవస్తువునకు గుర్తు నిలుచును. భావమాత్రమైనదానికి త్వరగా నిలువదు. డానీ స్టైన్‌బర్గ్, జున్ యమదలు 1978-79లో ప్రకటించిన ప్రయోగమునందును చిన్నపిల్లలకు అర్థవంతములైన కాంజీ మాటలు, అర్థములేని కాన అక్షరములకన్న సులభముగ అలవడెను. గుర్తుయొక్క సులభత దాని ఆకృతిలో కాక, అది బాలుని అనుభవముతో పొందు సంబంధములో నున్నదని ఇందువలన తేలుచున్నది.

ఇక పఠనవైకల్యమునకు చీనా లిపిని ప్రత్యక్షముగ ప్రయోగించిన ప్రసిద్ధ సందర్భము అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జరిగినది. పాల్ రోజిన్, సూసన్ పొరిట్స్కీ, రైనా సాట్స్కీ అను ముగ్గురు పరిశోధకులు 1971లో ‘సైన్స్’ పత్రికయందు దానిని ప్రకటించిరి. వారు ఎన్నుకొన్న బాలురు ఎనమండుగురు, రెండవ తరగతివారు, దాదాపు రెండేండ్లు బడికి పోయియు ఇంగ్లీషు చదువ నేర్వనివారు. వారికి 30 చీనా సంకేతములను నేర్పి, వానితో కూర్చిన వాక్యములను ఇంగ్లీషు మాటలుగనే చదివించిరి. రెండున్నర గంటలు మొదలు అయిదున్నర గంటల బోధనలో ఆ బాలురు వానిని చదువగలిగిరి. రెండేండ్లలో రాని చదువు కొన్ని గంటలలో వచ్చినదని ఈ ప్రయోగము విశేషఖ్యాతి నొందెను. చీనా సంకేతములలో మహిమ కలదనియు, అవి మందబుద్ధులను బుద్ధిమంతులను చేయుననియు తలంచుటకు ఇట్టి వార్తలే అవకాశము కల్పించును.

కాని ఆ పరిశోధకులు అట్లు చెప్పలేదు. తమ ఫలితమునకు వారు రెండు కారణములను చూపిరి. మొదటిది లిపియొక్క క్రొత్తదనము. ఇంగ్లీషు అక్షరములను చూచినంతనే ఓటమిని జ్ఞప్తికి తెచ్చుకొను బాలునకు క్రొత్త లిపియందు పూర్వపు ఓటమి లేదు. రెండవది, ఆ సంకేతములు మాటకు మాటగ పలుకబడుట, విడిధ్వనులుగ విడదీయనక్కరలేకుండుట. భాషను విడిధ్వనులుగ విడదీయుట మిక్కిలి సూక్ష్మమైన పని యనియు, పఠనవైకల్యమునకు చాలవరకు అదియే కారణమనియు, కావున చదువు నేర్పుటకు మాటకును విడిధ్వనికిని నడుమనున్న ప్రమాణము, అనగా అక్షరోచ్చారణము, ఉపయోగింపదగుననియు వారు నిర్ణయించిరి. ఆ నిర్ణయమునకు అనుగుణముగ లీలా గ్లైట్‌మన్, పాల్ రోజిన్‌లు 1973లో ఇంగ్లీషునకు అక్షరలిపివంటి యొక బోధనపద్ధతిని ప్రకటించిరి. మొదటి మెట్టు బాలురకు సులభమయ్యెను; కాని అచ్చటినుండి విడిధ్వనుల విభజనకు పోవుట కష్టముగనే మిగిలెను. ఈ చరిత్రలో మనము గమనింపవలసిన విషయమిది: చీనా లిపితో బయలుదేరిన పరిశోధకులు తుదకు చేరినది అక్షరమువద్దకు. మన లిపి పుట్టుకతోనే అచ్చట నిలిచియున్నది.

అదే 1971వ సంవత్సరమున కెనడాలోని టొరాంటోలో మరియొక ప్రయోగము మొదలయ్యెను. దాని మూలము కూడ చీనా దేశముననే కలదు. నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యమునకు చెందిన చెర్నోవిట్స్ నగరమున 1897లో జన్మించిన కార్ల్ బ్లిట్స్, తరువాత చార్లెస్ బ్లిస్ అను పేర ప్రసిద్ధుడైనవాడు, రసాయన ఇంజనీరు. 1938లో నాజీలు ఆయనను డాకౌ, బూకెన్‌వాల్డ్ నిర్బంధశిబిరములలో నుంచిరి. విడుదలయైన పిదప ఆయన శరణార్థియై షాంఘై చేరెను. అచ్చటి దుకాణముల ఫలకములపై చీనా సంకేతములను నేర్చుకొనుచు, వానిని తాను చీనా భాషలో కాక తన భాషలోనే చదువుచున్నట్లు గ్రహించెను. భాషాభేదములవలన మనుష్యులు ఒకరినొకరు ద్వేషించుటను అనుభవించినవాడు కావున, అన్ని భాషలవారికి నడుమ వారధియగు సంకేతలిపి యొకటి కావలెనని ఆయన తలంచెను. 1946లో ఆస్ట్రేలియాకు వలసపోయి, 1949లో ‘సెమాంటోగ్రఫీ’ అను గ్రంథమును ప్రకటించెను. లోకము దానిని పట్టించుకొనలేదు.

ఇరువదియేండ్లకు పైగా గడచిన తరువాత టొరాంటోలో అంగవైకల్యముగల బాలుర కేంద్రమున పనిచేయుచున్న షర్లీ మక్‌నాటన్ ఆ గ్రంథమును కనుగొనెను. సెరెబ్రల్ పాల్సీవలన మాట పెగలని బాలురు ఆమెవద్ద నుండిరి. వారికి ఫలకముపై బ్లిస్ సంకేతములను చూపి నేర్పగా, అంతవరకు ఏమియు తెలియనివారుగ ఎంచబడిన బాలురు వ్రేలితోనో చూపుతోనో సంకేతములను సూచించి తమ మనస్సులోని మాటను చెప్పగలిగిరి. ఇల్లు, మనిషి, ప్రేమ మున్నగు గుర్తులను కలిపి తమకు కావలసిన క్రొత్త అర్థములను వారే కల్పించుకొనిరి. చెట్టుగుర్తులు కలిసి అడవియైనట్టిదే ఈ పద్ధతి. తన లిపి ప్రపంచభాష కావలెనని కోరిన బ్లిస్ దానిని బాలుర చికిత్సకై మార్చుటను సహింపక ఆ కేంద్రముతో కలహించెను; 1982లో ఆ వివాదము ఒడంబడికతో ముగిసెను; 1985లో ఆయన మరణించెను. కర్త కోరిన ప్రయోజనము నెరవేరలేదు. కోరని ప్రయోజనము నెరవేరినది. భారతదేశమున 1972లో ముంబయిలో మితు ఆలూర్ స్థాపించిన స్పాస్టిక్స్ సొసైటీయు, 1974లో కలకత్తాలో సుధా కౌల్ నాయకత్వమున వెలసిన సంస్థయు ఇట్టి బాలుర విద్యకు మార్గదర్శకములైనవి. 2010లో అజిత్ నారాయణన్ మద్రాసు నగరమున నిర్మించిన ‘ఆవాజ్’ అను సాధనము అదే భావమును విద్యుత్పరికరమునకు తెచ్చినది: బాలుడు బొమ్మను తాకగా పరికరము మాటను పలుకును.

ఈ విజయములకు ప్రతిపక్షముగ నిలిచిన పరిశోధనలను చెప్పనిచో చరిత్ర అసంపూర్ణమగును. చీనా, జపాను బాలురకు పఠనవైకల్యము లేదను మాట చిరకాలము నిలువలేదు. హెరాల్డ్ స్టీవెన్సన్, అతని సహచరులు తైపే, సెన్‌డాయి, మినియాపొలిస్ నగరములలో ఐదవ తరగతి బాలురను ఒకే విధమైన పరీక్షలతో పోల్చి, మూడు భాషలవారిలోను పఠనవైకల్యము కలదని 1982లో నిరూపించిరి. ఉపాధ్యాయుల మాటపై ఆధారపడిన మకిత నిర్ణయము దీనితో బలహీనమయ్యెను. చీనా బాలురలో ఈ వైకల్యము గలవారి మెదడును పరిశీలించిన వై టింగ్ సియోక్ మున్నగువారు, ఎడమవైపు ముందుభాగముననున్న మధ్యమడతలో భేదము కనబడుచున్నదని 2004లో ‘నేచర్’ పత్రికయందు తెలిపిరి. ఇది వర్ణమాలలిపులను చదువువారిలో సాధారణముగ భేదము కనబడు చోటు కాదు. వేరొకవైపు, జపానులో పెరిగిన ఇంగ్లీషు కుటుంబపు బాలుడొకడు జపానుభాషను చక్కగా చదువుచు, ఇంగ్లీషు చదువలేకుండుటను టేకో వైడెల్, బ్రయాన్ బటర్‌వర్త్‌లు 1999లో వర్ణించిరి. ఈ పరిశోధనలను కలిపి చూచినచో ఒక నిర్ణయమునకు రావచ్చును. వైకల్యము ఏ లిపియందైనను ఉండును. కాని ఏ లిపి ఏ శక్తిని ఎక్కువగ కోరునో దానిని బట్టి దాని రూపము మారును. చీనా లిపి అందరికిని సులభము కాదు. అది వేరొక విధముగ కష్టము. ఫిలడెల్ఫియా బాలురు 30 సంకేతములవద్ద నిలిచిరి. చీనా పత్రికను చదువుటకు సుమారు 3,000 కావలెను. పోలికగల సంకేతములు వేలకొలది చేరిన తరువాత ఆ బాలుర గతి ఏమగునో ఆ ప్రయోగము చెప్పజాలదు.

సంకేతములను చదువుటయే కాక, వ్రాయుటనుగూడ చికిత్సగ చేసినవారు కలరు. హాంగ్‌కాంగ్ విశ్వవిద్యాలయమునకు చెందిన హెన్రీ కావో కుంచెతో చీనా లిపిని వ్రాయుటవలన కలుగు దేహమనఃపరిణామములను దీర్ఘకాలము పరిశోధించి, 2010లో దానిని మానసిక చికిత్సకు అనుబంధముగ వివరించెను. వ్రాయుచుండగా శ్వాస దీర్ఘమగుననియు, గుండెవేగము తగ్గుననియు, ఏకాగ్రత హెచ్చుననియు ఆయన సిద్ధాంతము. ఇందు మనకు వింతయైనది లేదు. మన వీధిబడులలో బాలుడు ఇసుకలో వ్రేలితో అక్షరము దిద్దుచు, నోటితో దానిని పలుకుచు నేర్చుకొనెడివాడు. 18వ శతాబ్ది చివరను మద్రాసు ఎగ్మూరులోని అనాథబాలుర పాఠశాల నిర్వాహకుడైన ఆండ్రూ బెల్ ఈ ఇసుకవ్రాతను దేశీయ బడిలో చూచి తన బడిలో ప్రవేశపెట్టి, 1797లో లండనులో దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. మరియా మాంటిసోరి రోమునగరమున బుద్ధిమాంద్యముగల బాలురకు నేర్పుచు రూపొందించిన పద్ధతులనుండి గరుకుకాగితపు అక్షరములను తడిమి నేర్చు విధానము వచ్చినది. ఆమె 1939లో మద్రాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణమిచ్చెను. చేయి, కన్ను, చెవి మూడును ఏకమగుట చికిత్సాగుణము. ఆ గుణము కుంచెకును కలదు, ఇసుకకును కలదు.

ఇప్పుడు మన ప్రాంతమునకు వత్తము. హైదరాబాదు జంటనగరములు ఇట్టి బాలుర విద్యకు దేశమున ముఖ్యస్థానములలో నొకటి. ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968లోను, సికిందరాబాదులోని స్వీకార్ సంస్థ 1977లోను వెలసినవి. 1984లో కేంద్రప్రభుత్వము సికిందరాబాదు మనోవికాసనగరున జాతీయ మానసిక వికలాంగుల సంస్థను నెలకొల్పెను. నేడది జాతీయ మేధోవికలాంగుల సాధికారతా సంస్థయను అర్థముగల పేర నడచుచున్నది. జయంతీ నారాయణ్ మున్నగువారు అచ్చట బాలుని పాఠ్యశక్తిని కొలుచు సాధనములను, నిత్యజీవనోపయోగియగు చదువునకు క్రమములను రూపొందించిరి. 1995 నాటి వికలాంగుల చట్టమున ఏడు వైకల్యములే యుండెను. ఆటిజముగాని, పఠనవైకల్యముగాని అందు లేవు. 2016 నాటి చట్టము వానిని చేర్చి 21 వైకల్యములను గుర్తించినది. చట్టము బాలుని గుర్తించినది. వాచకము ఇంకను గుర్తింపవలసియున్నది.

తెలుగు వాచకక్రమమును పరిశీలించినచో ఈ మాట స్పష్టమగును. మన వ్యాకరణ సంప్రదాయము వర్ణమును అక్షరమునుండి వేరుచేసి చెప్పినది. క్ అనునది వర్ణము. క, కి, కు అనునవి అక్షరములు. ఛందస్సున గురులఘువుల గణన అక్షరములనే ఆశ్రయించియున్నది. రోజిన్ మున్నగువారు వెదకిన మధ్యప్రమాణము మన బాలునకు మొదటినాడే లభించుచున్నది. అయితే సౌకర్యముతోపాటు భారమును గలదు. ఇంగ్లీషునకు 26 అక్షరములు చాలును. మనకు యాబదియారు అక్షరముల వర్ణమాల, ప్రతి హల్లునకు గుణింతము, దానిపై వత్తులు. అన్నియు కలిసి వందలకొలది ఆకృతులు. కన్నడ బాలురను పరిశీలించిన సోనాలీ నాగ్, అక్షరములు పూర్తిగ అలవడుటకు మొదటి రెండు మూడు తరగతులు చాలవని 2007లో చూపిరి; తెలుగు లిపి కన్నడమునకు తోబుట్టువు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున దుగ్గిరాల వసంత తెలుగు బాలురు ధ్వనివిషయమును ఎట్లు గ్రహింతురో పరీక్షించి 2004లో ప్రకటించిన పరిశోధన ఈ మార్గమున మనకు ఆధారము. పైగా వ్రాతలోని అక్షరము పలుకులోని అక్షరముతో అన్నిచోట్ల సరిపోదు. ‘పద్మ’ యను మాటను పద్-మ అని పలుకుదుము. ప-ద్మ అని వ్రాయుదుము. సంయుక్తమునకు ముందున్న ‘ప’ గురువగుటకు కారణమిదియే. పండితునకు ఇది ఛందోవిషయము. చదువు పట్టుబడని బాలునకు ఇది ప్రతిదినము తగులు రాయి.

ఇంకొక విషయము మిక్కిలి ముఖ్యమైనది. సంప్రదాయ క్రమమున మొదట వర్ణమాల, తరువాత సరళపదములు, ఆపైన గుణింతము, చివర వత్తులు. సరళపదములనగా అల, వల, కల, తల వంటివి. పండితదృష్టికి ఇవి సులభములు. గుణింతము లేదు, వత్తు లేదు. వికాసభేదముగల బాలుని దృష్టికి ఇవియే కఠినతమములు. ఆకృతులు ఒకదానినొకటి పోలియుండును. అందు కొన్నిటి యర్థము అతని అనుభవమున లేదు. ‘అమ్మ’ యను మాట వత్తుతో కూడినది గావున వాచకమున చాల ఆలస్యముగ వచ్చును. వర్ణమాల పటమున ‘అ’ ప్రక్కన అమ్మ బొమ్మయుండును గాని, ఆ మాటను బాలుడు చదువవలెనని మనము కోరము. గుణింతమువద్ద ఆగిపోయిన బాలుడు అమ్మయను మాటను చదువకయే బడిని విడుచును. ఇషీ చెప్పిన పావురమును ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 13 గీతల పావురము రెండు గీతల తొమ్మిదికన్న సులభమైనట్లే, వత్తుగల అమ్మ, కుక్క, బస్సు, నీళ్ళు అను మాటలు వల, కల అను మాటలకన్న ఇట్టి బాలునకు సులభములు కావచ్చును. వాని ఆకృతులు భిన్నములు. అర్థములు అతని యింటనే యున్నవి. పోర్ట్స్‌మత్ నగరమున సూ బక్లీ 1980ల నుండి డౌన్ లక్షణముగల బాలురకు పూర్ణపదములతో చదువు నేర్పి, వారు చదువ నేర్వలేరను పూర్వాభిప్రాయమును మార్చిన చరిత్రయు ఈ యూహకు బలము నిచ్చుచున్నది.

కావున చీనా లిపినుండి మనము గ్రహింపవలసినది చీనా సంకేతములను కాదు. అవి సాధించిన క్రమమును. పది పండ్రెండు పూర్ణపదములను బాలుని అనుభవమునుండి ఎన్నుకొని, వస్తువుతోను బొమ్మతోను చూపి, చీనా సంకేతమును చూచినట్లు ఒక్కచూపులో గుర్తింపనేర్పవలెను. అవి నిలిచిన తరువాత అమ్మ, బొమ్మ, కొమ్మ అను మాటలను ప్రక్కప్రక్కన నుంచి ‘మ్మ’ అను అక్షరమును బాలునిచేతనే కనుగొనజేయవలెను. ఆ యక్షరమును ఇసుకలో దిద్దించుచు పలికింపవలెను. అటుపిమ్మటనే గుణింతమునకు పోవలెను. మాటరాని బాలునకు ఈ మెట్లన్నిటితోపాటు సంకేతఫలకము ఉండవలెను. ఫలకమున్నచో మాట రాదను భయము వలదు. ధ్వనిని ఎన్నడును విడువరాదు. ఈ క్రమము ఏ బాలునకు ఎంత ఉపకరించునో తరగతిగదిలో కొలిచి చూడవలసిన పని పరిశోధకవిద్యార్థులది.

ఒక హెచ్చరిక ఇచ్చట అవసరము. చీనా సంకేతములు ఆటిజమును గాని, మేధోవైకల్యమును గాని మాన్పు మందని ఎవరైన చెప్పినచో, పైన చెప్పిన చరిత్రయందు దానికి ఆధారము లేదు. ఫిలడెల్ఫియా బాలురు పఠనమున వెనుకబడినవారు, టొరాంటో బాలురు మాట పెగలనివారు, బుద్ధిమాంద్యము వేరు. ఒకరియందు ఫలించినది వేరొకరియందు ఫలించునని తలంచుట తొందరపాటు. ఆశతో వచ్చు తల్లిదండ్రులకు ధనమును, అంతకన్న విలువైన బాల్యకాలమును నష్టపరచు హక్కు ఎవరికిని లేదు.

తిరిగి శంషాబాదు ఫలకమును చూతము. అచ్చటి బొమ్మ తలుపు ఎక్కడనున్నదో చెప్పును. మరుగుదొడ్డి ఎక్కడనో చెప్పును. కాని ‘నిన్న రాలేదు’, ‘నాకు భయము’, ‘మా ఊరు మంచాల’ అని చెప్పజాలదు. నిన్నకును, లేదనుటకును, ఊరి పేరునకును దానివద్ద గుర్తు లేదు. చీనా లిపి బొమ్మలతో మొదలై బొమ్మలవద్ద నిలిచిపోక, ధ్వనిని చేర్చుకొని, ఒక మహాజాతి చరిత్రను వ్రాయగల లిపి యైనది. మన బాలునకును బొమ్మ మొదటి మెట్టు కావలెను గాని, తుదిమెట్టు కారాదు. దారి కనుగొను ప్రయాణికునిగ మాత్రమే అతనిని నిలిపివేయక, తన మాటను తాను వ్రాసికొను మనిషిగ చేయుట మన బాధ్యత. తెలుగు శాఖలవారికి అక్షరతత్త్వము తెలియును. ప్రత్యేకవిద్యా సంస్థలవారికి బాలుడు తెలియును. ఈ రెండు జ్ఞానములును ఒకచోట కలిసినప్పుడు ఆ మొదటి పూర్ణపదముల వాచకము తెలుగున వెలయగలదు. విజ్ఞులు ఈ విషయమును పరిశీలింతురుగాక.